హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: ఉన్నత విద్యాసంస్థల తీరుతెన్నులు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ గుంతకల్లు–బెంగళూరు రైలుమార్గం మీది పట్టణాలు. 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో ఉండేవి, ఆ రోజు నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. వీటిలో ఏ ఒక్కటీ విశ్వవిద్యాలయ నగరం కాదు. అయినా ఈ మూడింటినీ, పక్కనే ఉన్న పుట్టపర్తి, అనంతపురాలనూ కలిపి చూస్తే భారత ఉన్నత విద్యలోని రకాలన్నీ దాదాపుగా కనిపిస్తాయి. ప్రభుత్వ డిగ్రీ కళాశాల, మహిళా కళాశాల, ఎయిడెడ్ కళాశాల, ఫీజుల మీద నడిచే ప్రైవేటు కళాశాల, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల, ఉపాధ్యాయ శిక్షణ సంస్థ, స్వయంప్రతిపత్తి కళాశాల, రాష్ట్ర విశ్వవిద్యాలయం, సాంకేతిక విశ్వవిద్యాలయం, డీమ్డ్ విశ్వవిద్యాలయం, కేంద్రీయ విశ్వవిద్యాలయం, అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ అన్నీ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి.

ఇన్ని రకాలున్నా వాటి మధ్య తేడా చదువులో కంటే ఎక్కువగా మూడు విషయాల్లో ఉంటుంది. జీతాలు ఎవరిస్తారు? పరీక్ష ఎవరు పెడతారు? పట్టా మీద సంతకం ఎవరిది? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ఆ కళాశాల ఏ రకానిదో తెలిసిపోతుంది. ఆ ప్రాంతపు బతుకుదెరువుకు, అక్కడ దొరికే చదువుకు మధ్య సంబంధం ఎంత అన్నది వేరే ప్రశ్న. పట్టుగూళ్ల హిందూపురం, మగ్గాల ధర్మవరం, కార్ల పెనుకొండల విషయంలో ఆ ప్రశ్నకు వచ్చే జవాబు అంత సంతోషపెట్టేది కాదు.

పూర్వ చరిత్ర

చదువుల కేంద్రంగా పెనుకొండకు పాత పేరే ఉంది. జైన సంప్రదాయం ఢిల్లీ, కొల్హాపూర్, జినకంచిలతో పాటు పెనుకొండను కూడా నాలుగు విద్యాస్థానాల్లో ఒకటిగా చెబుతుంది. అక్కడి పార్శ్వనాథ ఆలయం ఆ కాలపు గుర్తుగా నిలిచి ఉంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. అయితే ఆ పాత విద్యాస్థానానికీ ఇప్పటి కళాశాలలకూ మధ్య తెగకుండా వచ్చిన పరంపర ఏదీ లేదు. ఇప్పటి వ్యవస్థ పూర్తిగా మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు సంతానం.

1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయానికి నమూనా నాటి లండన్ విశ్వవిద్యాలయం. అది పాఠాలు చెప్పే సంస్థ కాదు. దూరదూరాన ఉన్న కళాశాలలు పాఠాలు చెబితే, అది పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది. లండన్ ఆ పద్ధతిని తర్వాత చాలావరకు వదిలేసింది. మనం మాత్రం వదల్లేదు. ధర్మవరంలో పాఠం చెప్పి, ప్రశ్నపత్రం అనంతపురంలో తయారయ్యే నేటి ఏర్పాటుకు మూలం అక్కడే ఉంది.

రాయలసీమలో ఆ వ్యవస్థకు తొలి మెట్లలో ఒకటి 1916లో అనంతపురంలో తెరిచిన సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడ కొంతకాలం పాఠాలు చెప్పారు. నీలం సంజీవరెడ్డి అక్కడ చదివారు. తర్వాత రాష్ట్రపతులైన ఇద్దరిలో ఒకరు గురువుగా, మరొకరు విద్యార్థిగా అడుగుపెట్టిన కళాశాల అది. హిందూపురం, పెనుకొండ తాలూకాల పిల్లలకు చాలాకాలం బీఏ అంటే అనంతపురం వెళ్లడమో, మద్రాసు వెళ్లడమో, లేదంటే మైసూరు సంస్థానంలోని బెంగళూరుకు పోవడమో. బెంగళూరు దారి నేటికీ మూసుకుపోలేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చినా సీడెడ్ జిల్లాల కళాశాలలు మద్రాసు నీడలోనే మిగిలాయి. కోస్తా నేతల మీద సీమ నాయకులకున్న అనుమానాలకు విశ్వవిద్యాలయం కూడా ఒక కారణమైంది. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో మొదటి అంశాల్లోనే ఈ మాట చేరింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో మరో కేంద్రం ఉండాలన్నది ఒప్పందం. నీళ్లు, రాజధాని, హైకోర్టు గురించి ఆ ఒడంబడికను ఇప్పటికీ అందరూ ఎత్తుతారు. విశ్వవిద్యాలయం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. బహుశా ఆలస్యంగానైనా అది నెరవేరింది కాబట్టి కావచ్చు.

నెరవేరిన వరస ఇది. 1954లో సీమ మొత్తానికి తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. దాని స్నాతకోత్తర కేంద్రం 1968లో అనంతపురంలో మొదలైంది. 1976లో ఆ కేంద్రానికి స్వయంప్రతిపత్తి దక్కింది. 1981లో అదే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం (ఎస్కేయూ) అయింది. అంటే 1937 నాటి మాట నిలబడటానికి 44 ఏళ్లు పట్టింది. మొదట్లో ఎస్కేయూకు చుట్టుపక్కల కళాశాలల మీద అజమాయిషీ లేదు. అనుబంధ గుర్తింపు ఇచ్చే అధికారం 1980ల చివర్లో వచ్చింది. హిందూపురం, ధర్మవరం డిగ్రీ విద్యార్థుల పట్టాల మీద తిరుపతి పేరు పోయి అనంతపురం పేరు రావడం అప్పటి నుంచే.

డిగ్రీ కళాశాలలు

పెనుకొండలోని పరిటాల శ్రీరాములు ప్రభుత్వ డిగ్రీ కళాశాల, ధర్మవరంలోని కె.హెచ్. ప్రభుత్వ డిగ్రీ కళాశాల, హిందూపురంలోని ఎన్.ఎస్.పి.ఆర్. ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఈ ప్రాంతపు ఉన్నత విద్యకు వెన్నెముక. మూడూ ప్రభుత్వానివే. అధ్యాపకులను పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఎంపిక చేస్తుంది, జీతాలు కళాశాల విద్యాశాఖ ఇస్తుంది, బదిలీలు అక్కడి నుంచే జరుగుతాయి. సిలబస్, పరీక్ష, పట్టా మాత్రం ఎస్కేయూవి. కళాశాలకు ఇద్దరు యజమానులున్నట్టే. అధ్యాపకుడు ఎవరన్నది ఒకరు నిర్ణయిస్తారు, ఆయన ఏం చెప్పాలో మరొకరు నిర్ణయిస్తారు. విద్యార్థిని చేర్చుకోవడం కూడా 2020 నుంచి ప్రిన్సిపాల్ చేతిలో లేదు. ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా సీట్లు కేటాయిస్తోంది.

2021–22 నుంచి డిగ్రీ తరగతులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని రాష్ట్రం నిర్ణయించింది. 2023–24లో మూడు సబ్జెక్టుల పాత బీఏ, బీఎస్సీల స్థానంలో ఒకే మేజర్ ఉండే పద్ధతి వచ్చింది. చిన్న కళాశాలలకు రెండోదే పెద్ద దెబ్బ. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిపి చదివే గుంపులో ముగ్గురు అధ్యాపకులకూ పని ఉండేది. మేజర్‌గా ఏదో ఒక్కటే ఎంచుకోవాల్సి వచ్చేసరికి తెలుగు, చరిత్ర వంటి సబ్జెక్టులకు మండల, పట్టణ స్థాయి కళాశాలల్లో విద్యార్థులు దొరకడం కష్టమైంది. కంప్యూటర్స్, కామర్స్ నిండిపోతాయి. అమరావతిలో చేసిన సంస్కరణ పెనుకొండలో ఒక శాఖను ఖాళీ చేయగలదు.

మహిళా కళాశాలను ప్రత్యేక రకంగా చెప్పుకోవడానికి కారణం ఉంది. చదువు, పట్టా, జీతాల విషయంలో అది మిగతా ప్రభుత్వ కళాశాలలకు ఏమాత్రం భిన్నం కాదు. భిన్నమైనదల్లా ఇంటివాళ్ల అనుమతి. పొరుగు మండలాల నుంచి ఉదయం బస్సు పట్టుకుని వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరే ఆడపిల్లలకు, ఊళ్లో మహిళా కళాశాల ఉండటమే ఇంటర్‌కీ పెళ్లికీ మధ్య మూడేళ్ల గడువు. రాష్ట్రంలో మహిళల కోసమే విశ్వవిద్యాలయం కూడా ఉంది. అది తిరుపతిలో 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం.

ఎయిడెడ్ కళాశాలలు మధ్యరకం. యాజమాన్యం ప్రైవేటుది, మంజూరైన పోస్టుల జీతం ప్రభుత్వానిది. హిందూపురంలోని ఎస్.డి.జి.ఎస్. కళాశాల, అనంతపురంలోని శ్రీ సాయిబాబా నేషనల్ కళాశాల ఈ కోవలో పేరున్నవి. సర్కారు కళాశాల రాని రోజుల్లో పట్టణాల్లో డిగ్రీ చదువును నిలబెట్టినవి ఇలాంటివే. చాలా ఏళ్లుగా ఎయిడెడ్ ఖాళీలు భర్తీ కాక, పదవీ విరమణలతో ఒక్కో పోస్టూ రాలిపోతూ, ఈ రకం తనంతట తానే చిక్కిపోయింది. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఆస్తులతో సహా కళాశాలను అప్పగించడమో, సిబ్బందిని అప్పగించి ప్రైవేటుగా నడుపుకోవడమో తేల్చుకోమంది. నిరసనలు రేగాక ఆ నవంబరులో మరికొన్ని వెసులుబాట్లు ఇచ్చింది. సిబ్బందిని ప్రభుత్వానికి వదిలేసిన చోట కళాశాల పేరు, భవనం, గేటు అవే ఉండి, రకం మాత్రం మారిపోయింది.

ప్రైవేటు డిగ్రీ కళాశాలల గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ఎస్కేయూ అనుబంధంతో, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడి, ప్రధానంగా బీకాం, కంప్యూటర్స్ కోర్సులతో నడుస్తాయి. రీయింబర్స్‌మెంట్ విడుదల ఆలస్యమైతే అధ్యాపకుల జీతాలు, విద్యార్థుల సర్టిఫికెట్లు రెండూ ఆగుతాయి. కాగితం మీద ఇవి ప్రైవేటు. డబ్బు దారి చూస్తే సగం సర్కారువి.

ఒకే ఊరు, ఎన్నో విశ్వవిద్యాలయాలు

హిందూపురంలో బీఏ చదివిన వారి పట్టా ఎస్కేయూది. అదే ఊళ్లో బీటెక్ చదివితే జేఎన్‌టీయూ అనంతపురానిది. నర్సింగ్ చదివితే విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానిది. వ్యవసాయం అయితే ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం, పశువైద్యం అయితే తిరుపతిలోని వెటర్నరీ విశ్వవిద్యాలయం. పాలిటెక్నిక్ డిప్లొమాకు విశ్వవిద్యాలయంతో పనే లేదు, సాంకేతిక విద్యా శిక్షణ మండలి పరీక్ష పెడుతుంది. దీనికి తోడు బీఎడ్‌కు ఎన్‌సీటీఈ, ఇంజనీరింగ్‌కు ఏఐసీటీఈ, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్, న్యాయవిద్యకు బార్ కౌన్సిల్ అనుమతి కావాలి. ఒకప్పుడు ప్రాంతాన్ని బట్టి ఉన్న విశ్వవిద్యాలయాలు సబ్జెక్టును బట్టి విడిపోయాయి. 1964లో వ్యవసాయం, 1972లో సాంకేతిక విద్య, 1986లో వైద్యం వేరు పడ్డాయి. అందువల్ల రాయలసీమలో అన్ని శాస్త్రాలూ ఒకే గొడుగు కింద ఉండే విశ్వవిద్యాలయం దాదాపు లేకుండా పోయింది. మెడిసిన్ విద్యార్థి చరిత్ర అధ్యాపకుడిని ఎన్నడూ కలవడు.

ఇంజనీరింగ్ కథ అనంతపురంలో ఎస్కేయూ కంటే పాతది. 1946లో మొదలైన ఇంజనీరింగ్ కళాశాల తొలి రెండేళ్లు మద్రాసు గిండీలోనే నడిచి, 1948లో అనంతపురానికి వచ్చింది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో అంతర్భాగమైంది. 2008లో ఆ విశ్వవిద్యాలయాన్ని విభజించినప్పుడు ఇదే జేఎన్‌టీయూ అనంతపురానికి కేంద్రమైంది. హిందూపురంలోని బిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వంటి ప్రైవేటు కళాశాలలు దీని అనుబంధంలో ఉన్నాయి. 2008 ప్రాంతంలోనే పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం రావడంతో సీమలో ఇంజనీరింగ్ కళాశాలలు పుట్టగొడుగుల్లా లేచాయి. కొన్ని స్వయంప్రతిపత్తి వరకు ఎదిగాయి, కొన్ని మూతపడ్డాయి.

స్వయంప్రతిపత్తి అంటే సిలబస్, పరీక్ష కళాశాలవే, పట్టా మాత్రం విశ్వవిద్యాలయానిది. అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆ హోదా ఉంది. అనుబంధ కళాశాలకూ విశ్వవిద్యాలయానికీ నడుమ ఉన్న మెట్టు ఇది.

ధర్మవరంలో ప్రభుత్వ పాలిటెక్నిక్, హిందూపురంలో ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్ ఉన్నాయి. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి చేరే మూడేళ్ల చదువు. బ్రిటన్‌లో పాలిటెక్నిక్‌లు డిగ్రీ స్థాయి చదువులు చెప్పి 1992లో విశ్వవిద్యాలయాలైపోయాయి. ఇక్కడ అవి డిప్లొమా దగ్గరే నిలిచాయి. అయితే వీటికి ఒక మంచి తలుపు ఉంది. ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. మన వ్యవస్థలో ఒక రకం సంస్థ నుంచి మరో రకానికి ఏడాది నష్టపోకుండా దాటే మార్గాలు చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి. పేద ఇంటి పిల్లలు పదిహేనేళ్ల వయసులో తీసుకున్న నిర్ణయాన్ని పద్దెనిమిదేళ్లప్పుడు మార్చుకోవడానికి వీలిస్తుంది కాబట్టి దీని విలువ మామూలుది కాదు.

పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక, చుట్టూ విడిభాగాల పరిశ్రమలు వచ్చాక, డిప్లొమా, ఐటీఐ సర్టిఫికెట్లకు ఈ ప్రాంతంలో కొత్త గిరాకీ వచ్చింది. బీఎస్సీ పట్టా చేతిలో ఉన్నవారు ఐటీఐ చదివినవారితో పాటు అదే గేటు ముందు నిలబడే పరిస్థితి కూడా వచ్చింది.

పెనుకొండకే మంజూరైన ప్రభుత్వ వైద్య కళాశాల మరో సంగతి చెబుతుంది. రాష్ట్రం తలపెట్టిన 17 కొత్త వైద్య కళాశాలల్లో ఇదొకటి. 2025లో ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యంలో పూర్తి చేయాలని నిర్ణయించిన పదింటిలోనూ ఇది ఉంది. ఆ నిర్ణయం మీద రాజకీయ వివాదం రేగింది. ఒక్క విద్యార్థి కూడా చేరకముందే కళాశాల రకం మారడం అరుదైన ఉదాహరణ.

పుట్టపర్తి: ఫీజు లేని విశ్వవిద్యాలయం

యూజీసీ చట్టం 1956లోని మూడో సెక్షన్ కింద, చట్టసభ ప్రత్యేక చట్టం చేయకపోయినా ఒక సంస్థకు కేంద్రం విశ్వవిద్యాలయ హోదా ఇవ్వవచ్చు. వాడుకలో డీమ్డ్ యూనివర్సిటీ అంటున్నది దీన్నే. దేశంలో ఆ మాట వినగానే చాలామందికి భారీ డొనేషన్లు గుర్తొస్తాయి. పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి ఉన్నత విద్యా సంస్థ ఆ అభిప్రాయానికి పూర్తి విరుద్ధం. ఇక్కడ ఏ స్థాయిలోనూ ఫీజు తీసుకోరు. విద్యార్థులంతా హాస్టల్లోనే ఉండాలి. ప్రవేశం అఖిల భారత స్థాయి పరీక్ష, ఇంటర్వ్యూల ద్వారా.

దీని బీజం 1968లో అనంతపురంలో సత్యసాయిబాబా ప్రారంభించిన మహిళా కళాశాల. మరుసటి ఏడు బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర బృందావనంలో పురుషుల కళాశాల, ఆ తర్వాత పుట్టపర్తిలో మరొకటి వచ్చాయి. 1981లో వీటన్నిటికీ కలిపి డీమ్డ్ హోదా వచ్చింది. తొలి ఉపకులపతి కన్నడ కవి వినాయక కృష్ణ గోకాక్. ఆయనకు తర్వాత జ్ఞానపీఠ పురస్కారం లభించింది. ఎస్కేయూ విశ్వవిద్యాలయమైన ఏడే ఇది కూడా కావడం గమనించదగింది. ఒకే ఏడాది, ఒకే జిల్లాలో, ఒకటి శాసనసభ చట్టంతో, మరొకటి ట్రస్టు సొమ్ముతో. మొదటిది 1937 ఒడంబడిక నుంచి నడిచొచ్చింది. రెండోది అనంతపురంలో తొలి కళాశాల పెట్టిన 13 ఏళ్లకే విశ్వవిద్యాలయమైంది.

విద్యార్థుల సంఖ్య చిన్నది, క్రమశిక్షణ కఠినం, ఆధ్యాత్మిక బోధన పాఠ్యక్రమంలో భాగం. ఆ వాతావరణం అందరికీ నప్పదు. కానీ ఫీజు, హాజరు, పరీక్షల మీద సంస్థకు పూర్తి పట్టున్నప్పుడు చదువు నాణ్యతను ఎంతవరకు కాపాడుకోవచ్చో చూడటానికి సీమలో ఇంతకన్నా మంచి నమూనా లేదు. అయితే దేశమంతటి నుంచి విద్యార్థులు వచ్చే ఈ సంస్థ వల్ల పక్కనున్న ధర్మవరం నేతకారుడి కొడుక్కి ఎంత మేలు జరిగిందంటే జవాబు చెప్పడం కష్టం. దాని పోటీ దేశంతో, పక్క ఊరితో కాదు.

కేంద్ర సంస్థలు

2014 రాష్ట్ర విభజన చట్టం ఆంధ్రప్రదేశ్‌కు ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని హామీ ఇచ్చింది. అది అనంతపురానికి వచ్చింది. 2018లో జేఎన్‌టీయూ ఆవరణలో తరగతులు మొదలయ్యాయి, 2019లో చట్టబద్ధత దక్కింది. బుక్కరాయసముద్రం మండలం జంతులూరు దగ్గర శాశ్వత ఆవరణకు స్థలం కేటాయించారు. డబ్బు ఢిల్లీది, ప్రవేశాలు జాతీయ పరీక్షతో. స్థానిక విద్యార్థికి ప్రత్యేక కోటా ఉండదు.

గోరంట్ల మండలం పాలసముద్రం దగ్గర 500 ఎకరాల్లో కట్టిన కస్టమ్స్, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యాల నియంత్రణ జాతీయ అకాడమీని 2024 జనవరి 16న ప్రధాని ప్రారంభించారు. ఉద్యోగంలో చేరిన రెవెన్యూ సర్వీసు అధికారులు ఇక్కడ శిక్షణ పొందుతారు. ఇది కళాశాల కాదు, ఇంటర్ పాసై దరఖాస్తు పెట్టుకునే చోటు కాదు. ఇదే గోరంట్ల, పక్కనున్న చిలమత్తూరు మండలాల్లో 2008–09లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. ఆ విజ్ఞాన నగరం రాలేదు. భూములు మాత్రం కేసుల్లో చిక్కుకున్నాయి.

పట్టు, మగ్గం, వేరుశనగ: పట్టాకు బయట

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు పేరుంది. పక్కనే కిరికెరలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. స్వర్ణాంధ్ర అనే సంకర పట్టుపురుగు రకం అక్కడే రూపుదిద్దుకుంది. ఎస్కేయూలో పట్టుపరిశ్రమ శాస్త్ర విభాగం ఉంది. పరిశోధన ఉంది, ఎమ్మెస్సీ ఉంది. వాటి మధ్యలోని మెట్టు మాత్రం పలచన. మల్బరీ తోట, చాకీ పురుగుల పెంపకం, గూళ్ల నాణ్యత, రీలింగ్ అన్నీ కలిపి చెప్పే డిగ్రీ కోసం హిందూపురం రైతు బిడ్డ ఊరు దాటాల్సిందే. శిక్షణ కార్యక్రమాలు రైతు పనిని మెరుగుపరుస్తాయి, కానీ చదువుగా లెక్కలోకి రావు.

ధర్మవరంలో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ధర్మవరం చేనేత పట్టు చీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. పడుగు సవరించడం, అచ్చు అతకడం, జాకార్డుకు డిజైన్ అట్టలు కొట్టడం, రంగుల లెక్క అన్నీ ఇంట్లోనే, మగ్గం గుంత పక్కనే కూర్చుని నేర్చుకునేవి. ఊళ్లో వేలాది మగ్గాలున్నా ఊళ్లోని డిగ్రీ కళాశాలకు వాటితో పని లేదు. చేనేతలో డిప్లొమా చదవాలంటే వెంకటగిరిలో 1992లో ఏర్పడిన ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థకో, తమిళనాడులోని సేలం సంస్థకో వెళ్లాలి. ధర్మవరం నుంచి వెంకటగిరి అంటే సీమను అడ్డంగా దాటి తూర్పు కొసకు పోవడమే. చేనేత కుటుంబాల పిల్లలు చాలామంది బీకాం కంప్యూటర్స్‌ను ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. నేతపని కూలి అంతంత మాత్రమైనప్పుడు తల్లిదండ్రులు కోరేది కూడా అదే. అయినా డిజైన్, రంగులు, మార్కెటింగ్ కలిపి ధర్మవరంలోనే ఒక డిగ్రీ ఉంటే, ఆ పిల్లలు మగ్గానికీ కంప్యూటర్‌కీ మధ్య ఒకటే ఎంచుకోవాల్సిన అవసరం ఉండేది కాదు.

వేరుశనగకు మాత్రం మరో దారి దొరికింది. వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పనిచేసే కదిరి పరిశోధన స్థానం నుంచి 2005లో వచ్చిన కదిరి–6 రకం దేశంలో విస్తారంగా సాగులోకి వచ్చింది. తర్వాత వచ్చిన మరో రకానికి కదిరి లేపాక్షి అని పేరు పెట్టారు. విద్యార్థుల గుంపు లేకపోయినా విశ్వవిద్యాలయం తన చుట్టుపక్కల పొలానికి ఎంత చేయగలదో ఇది చూపించింది.

ఉపాధ్యాయ శిక్షణ వేరే శాఖ కిందిది. బుక్కపట్నంలోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ 1986 జాతీయ విద్యావిధానం ఊహించిన నమూనా. ప్రాథమిక ఉపాధ్యాయులకు రెండేళ్ల డిప్లొమా ఇస్తుంది. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు నడిపే విదేశీ భాషల పాఠశాల ఏ విశ్వవిద్యాలయానికీ చెందదు. పల్లెటూరి డిగ్రీ విద్యార్థులకు జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్ నేర్పి ఉద్యోగాలకు పంపుతుంది. రకాల పట్టికలో దీనికి గడి లేదు. ఫలితం మాత్రం ఉంది.

బెంగళూరు వైపు చూపు

హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల చిల్లర. దారిలో గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం, యలహంక. ఆ రైలుమార్గం చుట్టూ గత రెండు దశాబ్దాల్లో ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు బారులు తీరాయి. విశాఖలో పుట్టిన గీతం కూడా దొడ్డబళ్లాపురం దగ్గర 2012 నుంచి ఆవరణ నడుపుతోంది. ఫీజు భరించగల ఇళ్ల పిల్లలు అటు పోతారు. భాష అడ్డం కాదు, ఈ సరిహద్దులో తెలుగు, కన్నడ రెండూ ఇంటి భాషలే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం 2016లో వచ్చింది. దాని కింద మొదట పేరుకెక్కినవి అమరావతి చుట్టూ వెలిశాయి.

ఫీజు భరించలేని తెలివైన పిల్లలకు మరో దారి ఉండేది, నేటికీ ఉంది. హిందూపురం దగ్గర కొడిగెనహళ్లిలో 1972లో పెట్టిన రాష్ట్ర గురుకుల పాఠశాల అటువంటిది. సర్వేల్ తర్వాత తాడికొండతో పాటు వచ్చిన గురుకులం అది. పాఠశాలే అయినా, సీమ పల్లెల పిల్లలను పెద్ద కళాశాలలకు చేర్చిన సంస్థల్లో దాన్ని చెప్పకుండా ఉన్నత విద్య కథ పూర్తి కాదు. 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఇడుపులపాయలో అదే ఆలోచనను పై చదువులోకి తెచ్చింది. పదో తరగతి మార్కుల మీద ప్రవేశం, ఆరేళ్ల ఆవాస విద్య, చివర బీటెక్. జనం మాత్రం దాన్ని ట్రిపుల్ ఐటీ అనే అంటారు.

ఉద్యోగం చేస్తూ, పెళ్లయ్యాక, చదువు మధ్యలో ఆపేసి మళ్లీ చదివేవారికి దూరవిద్య ఉంది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది. ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే.

రకాల భవిష్యత్తు

అమెరికాలోని కాలిఫోర్నియా 1960లో ఒక మాస్టర్ ప్లాన్ వేసింది. మొదటి ఎనిమిదో వంతు విద్యార్థులకు పరిశోధన విశ్వవిద్యాలయం, మొదటి మూడో వంతుకు రాష్ట్ర కళాశాల, మిగిలిన అందరికీ కమ్యూనిటీ కళాశాల, కింది నుంచి పైకి మారే దారి అన్నవి అందులో అంశాలు. అంటే రకాలను ముందే గీసుకుని కట్టారు. అనంతపురం ప్రాంతంలో ఏ రకాన్నీ అలా ఆలోచించి పెట్టలేదు. ఒకటి ఒడంబడిక నుంచి, ఒకటి భక్తుల విరాళాల నుంచి, ఒకటి విభజన హామీ నుంచి, ఒకటి ఫీజు పథకం నుంచి వచ్చాయి. అందుకే ఒకదాని నుంచి మరోదానికి దారి దాదాపు లేదు. కె.హెచ్. కళాశాలలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి రెండో సంవత్సరంలో కేంద్రీయ విశ్వవిద్యాలయానికి మారాలన్నా మామూలుగా నడిచే బాట ఏదీ లేదు.

2020 జాతీయ విద్యావిధానం ఈ రకాలన్నింటినీ మూడుకు కుదించాలంటోంది. పరిశోధన ప్రధానమైన విశ్వవిద్యాలయాలు, బోధన ప్రధానమైన విశ్వవిద్యాలయాలు, సొంతంగా పట్టా ఇచ్చే స్వయంప్రతిపత్తి కళాశాలలు ఉంటాయి. అనుబంధ పద్ధతి 15 ఏళ్లలో పోవాలి. లండన్ నుంచి 1857లో తెచ్చుకున్న ఏర్పాటుకు గడువు పెట్టడం తప్పేమీ కాదు. కానీ సొంత పట్టా ఇవ్వాలంటే కళాశాలకు పరీక్షల విభాగం, పాఠ్యప్రణాళిక మండలి, ప్రతి సబ్జెక్టులో ఇద్దరు ముగ్గురైనా శాశ్వత అధ్యాపకులు కావాలి. పెనుకొండ వంటి చోట సబ్జెక్టుకు ఒక్కరే ఉండి, ఆయన బదిలీ అయితే కొత్తవారు వచ్చేదాకా గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్నప్పుడు సిలబస్ ఎవరు రాస్తారు? పైగా ఎర్రమంచిలో ఉద్యోగం ఇచ్చే అధికారి పెనుకొండ కళాశాల పట్టాను ఎస్కేయూ పట్టాతో సమానంగా చూస్తారా అన్న బెంగ విద్యార్థులకు ఉంటుంది. దగ్గర దగ్గర కళాశాలలను ఒక సమూహంగా కలపవచ్చని విధానం చెబుతోంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలుమార్గం మీద ఉన్నాయి కాబట్టి, ఒకచోట పట్టుపరిశ్రమ, ఒకచోట చేనేత, ఒకచోట వాహన సాంకేతికత చెప్పి పట్టా ఉమ్మడిగా ఇవ్వడానికి ఇక్కడ ఉన్నంత వీలు మరెక్కడా లేదు. అలాంటి ప్రతిపాదనేదీ రాష్ట్ర ఉత్తర్వుల్లోకి ఎక్కలేదు. ప్రస్తుతానికి మూడు పట్టణాల్లోని ప్రభుత్వ డిగ్రీ విద్యార్థులు ఎస్కేయూ పరీక్షలే రాస్తున్నారు.